విశాఖ హార్బర్‌లో చిన్న బోటు నడపాలంటే: ఎంతమంది ఉండాలి, ఎవరి దగ్గర ఏ లైసెన్సు ఉండాలి

మూరింగ్ లాంచి (ఓడల తాళ్లు అందుకునే చిన్న బోటు) కొన్నవాళ్లు, పాత టగ్గును (ఓడల్నీ బార్జిల్నీ లాగే బోటు) లీజుకు తీసుకున్నవాళ్లు, సరుకు మోసే బార్జి మీద కాంట్రాక్టు పట్టినవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "ఎంతమందిని పెట్టుకుంటే సరిపోతుంది?" నేను దానికి జవాబు చెప్పే ముందు ఇంకో ప్రశ్న వేస్తాను. "మీ బోటు ఏ నీళ్లలో తిరుగుతుంది?" లైసెన్సుల గొడవంతా అక్కడే మొదలవుతుంది. అది తేలకుండా మనుషుల్ని పెట్టుకుంటే జీతాలూ పోతాయి, పనీ ఆగిపోతుంది.

నేను ఈ హార్బర్‌లో ఇరవై ఏళ్లకు పైగా లాంచీల మీద పనిచేశాను. కలాసీగా, అంటే డెక్ మీద తాళ్ల పని చేసేవాడిగా ఎక్కి, సరంగుగా, అంటే చుక్కాని పట్టే పెద్దగా దిగాను. ఇప్పుడు వన్ టౌన్‌లో ఉంటూ, లాంచీల ఓనర్లకీ కొత్త కుర్రాళ్లకీ కాగితాలు సర్దిపెడుతుంటాను. ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో ఆ వరుసలోనే చెబుతాను.

ముందు నీళ్లు తేల్చుకోండి

పోర్టు లిమిట్స్ అంటే ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి గీసిన హద్దులు. చాలామంది బ్రేక్‌వాటర్ దాటితే పోర్టు అయిపోయిందనుకుంటారు. అది తప్పు. పోర్టు మెరైన్ డిపార్ట్‌మెంట్‌లో ఛార్టు చూపించమని అడగండి. మీ బోటు వెళ్లే చోట్లన్నీ, ఓడలు లంగరేసి ఆగే చోటుతో సహా, దాని మీద పెన్సిలుతో గుర్తు పెట్టండి. అన్నీ గీత లోపలే ఉంటే మీది హార్బర్ క్రాఫ్ట్. ఒక్క చోటు బయటపడ్డా లెక్క మారిపోతుంది.

గీత లోపల తిరిగే బోటుకు పోర్టు లైసెన్సు కావాలి. గీత దాటి, ఉదాహరణకు బార్జిని కట్టుకుని కాకినాడ దాకా లాక్కెళ్లమంటే, అది తీరప్రాంత ప్రయాణం. అక్కడ డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ (డీజీ షిప్పింగ్) రూల్స్ వస్తాయి. వాళ్ల తరఫున విశాఖలో ఉండే ఆఫీసు మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్. మనవాళ్లంతా ఎంఎండీ అంటారు.

మూడోది నదులు, రిజర్వాయర్లు. వాటికి ఇన్లాండ్ వెసల్స్ యాక్ట్ 2021 ఉంది. 1917 నాటి పాత చట్టం పోయి ఇది 2022లో అమల్లోకి వచ్చింది. దీని కింద ఇచ్చే సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. ప్రయాణికుల్ని ఎక్కించుకునే బోటైతే మనుషుల లెక్కను ఎంత గట్టిగా చూస్తారో, ఎందుకు చూడాలో, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం గుర్తున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

చేపల బోటు నాలుగోది. దాని సంగతి చివర్లో.

చట్టం మారుతున్న కాలం ఇది, ఒక మాట గుర్తుంచుకోండి

హార్బర్‌లో తిరిగే పడవలకూ, వాటి సిబ్బందికీ లైసెన్సు పెట్టే అధికారం 1908 నాటి ఇండియన్ పోర్ట్స్ యాక్ట్ 6వ సెక్షన్ నుంచి వచ్చింది. బోటు అద్దెకు తిరిగినా తిరగకపోయినా, రోజూ వచ్చినా అప్పుడప్పుడే వచ్చినా రూల్స్ పెట్టవచ్చని ఆ సెక్షన్‌లో రాసి ఉంది. ఎంత సరుకు, ఎంతమంది ప్రయాణికులు, ఎంతమంది సిబ్బంది అన్నది కూడా ఆ రూల్స్‌లోనే తేల్చవచ్చు. కాబట్టి "నా సొంత బోటు, నా సొంత పని, నాకెందుకు లైసెన్సు" అన్న వాదన అక్కడ నిలబడదు.

2025 ఆగస్టులో పార్లమెంటు కొత్త ఇండియన్ పోర్ట్స్ చట్టాన్నీ, 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం స్థానంలో కొత్తదాన్నీ ఆమోదించింది. చట్టం మారినప్పుడు రూల్స్ ఒకటొకటిగా మారతాయి. అందుకని పాత ఫోటోస్టాట్ చూసి పని మొదలుపెట్టకండి. ఆఫీసుకు వెళ్లినప్పుడు "ఇప్పుడు ఏ రూలు కింద ఇస్తున్నారు సార్" అని అడిగి, ఆ రూలు పేరు, సంవత్సరం మీ డైరీలో రాసుకోండి. రేపు ఎవరైనా తనిఖీకి వస్తే ఆ ఒక్క లైను మీకు పనికొస్తుంది.

బోటు కాగితంలో మూడు అంకెలు చూడండి

మనుషుల సంగతికి వెళ్లే ముందు బోటు సర్టిఫికెట్లు బల్ల మీద పెట్టుకోండి. పొడవు ఎంత, గ్రాస్ టన్నేజీ ఎంత, ఇంజిన్ ఎన్ని కిలోవాట్లు. మీ మనుషులకు ఏ సర్టిఫికెట్ కావాలో చెప్పేవి ఈ మూడే.

ఇక్కడ చాలామంది పొరబడతారు. గ్రాస్ టన్నేజీ అంటే బరువు కాదు, బోటు లోపలి చోటును కొలిచే లెక్క. బార్జి రెండు వందల టన్నుల సరుకు మోస్తుందంటే దాని గ్రాస్ టన్నేజీ రెండు వందలని కాదు. టగ్గుకు చెప్పే బొల్లార్డ్ పుల్ టన్నులు ఇంకో లెక్క, అది లాగే బలం. అప్లికేషన్‌లో ఈ మూడింటినీ కలిపేసి రాసి, వారం రోజులు తిరిగిన ఓనర్లను నేను చూశాను.

ఇంజిన్ విషయంలో కూడా అంతే. మెకానిక్కులు హార్స్‌పవర్‌లో చెబుతారు, కాగితాలు కిలోవాట్లలో అడుగుతాయి. 750 కిలోవాట్లంటే దాదాపు 1,000 హార్స్‌పవర్. ఈ 750 అంకె గుర్తుంచుకోండి. సముద్రం మీద తిరిగే ఓడల్లో ఇంజిన్ మనుషుల సర్టిఫికెట్లకు అంతర్జాతీయంగా పెట్టిన గీత అది. డెక్ వైపు అలాంటి గీత 500 గ్రాస్ టన్నేజీ.

రెండు ఇంజిన్ల బోటైతే రెండింటి కిలోవాట్లూ కూడాలి. ఒక్కదాని లెక్క రాసి తక్కువ గ్రేడు డ్రైవరుతో నెట్టుకొద్దామని చూడకండి.

ఎంతమంది: అంకె ఎక్కడి నుంచి వస్తుంది

మీ హార్బర్ క్రాఫ్ట్ లైసెన్సులో సిబ్బంది సంఖ్య రాసి ఉంటుంది. పోర్టుకు అద్దెకిచ్చే లాంచి అయితే టెండరు షరతుల్లో విడిగా ఇంకో సంఖ్య, అర్హతలు ఉంటాయి. రెండింటిలో ఏది ఎక్కువైతే అదే మీకు వర్తిస్తుందని పెట్టుకోండి. తీరప్రాంతం వెళ్లే ఓడకైతే డీజీ షిప్పింగ్ ఇచ్చే సేఫ్ మ్యానింగ్ డాక్యుమెంట్‌లో ఏ పదవిలో ఎంతమందో వరసగా ఉంటుంది. అది ఫ్రేము కట్టించి వీల్‌హౌస్‌లో, అంటే చుక్కాని గదిలో, పెట్టుకోవాల్సిన కాగితం.

అయితే ఆ అంకె ఎందుకు అంత ఉందో తెలిస్తేనే దాన్ని తగ్గించాలన్న ఆశ పోతుంది. ఒక మూరింగ్ పని దగ్గర నిలబడి చూద్దాం.

బల్క్ క్యారియర్ (విడి సరుకు మోసే పెద్ద ఓడ) తనను కట్టేసే బెర్తు దగ్గరికొచ్చింది. మీ లాంచి దాని ముక్కు కింద ఉంది. పై నుంచి హీవింగ్ లైను పడుతుంది. సన్నటి తాడు, చివర ముడి. దాని వెనకే కాలంత మందం మోకు దిగుతుంది. ఒక కలాసి దాన్ని అందుకుని లాంచి మీది ఇనుప గుంజకు, అంటే బిట్టుకు, తగిలిస్తాడు. సరంగు లాంచిని వెనక్కి తీయాలి. పై వాళ్లు మోకు వదలడం ఆలస్యం చేస్తే లాంచి పక్కకు ఒరుగుతుంది. తొందరగా వదిలితే వదులైన మోకు నీళ్లలో మునిగి ప్రొపెల్లర్ వైపు వస్తుంది. ఆ క్షణంలో సరంగు చూపు ఓడ మీద ఉంటుంది. డ్రైవరు చెవి సరంగు మాట మీద, చెయ్యి ఇంజిన్ మీద ఉంటాయి. ఒక కలాసి చేతులు మోకు మీద ఉంటాయి. మరి వదులైన మోకును చూసేదెవరు? మోకు చుట్టలో ఎవరి కాలూ పడకుండా చూసేదెవరు? రెండో కలాసి. వాడు ఊరికే నిలబడినట్టు కనిపిస్తాడు. అందుకే ఓనర్లు ముందు వాణ్నే తీసేస్తారు. ప్రమాదాలు వాడు లేని రోజే జరుగుతాయి.

నాకు తెలిసిన ఒక లాంచిలో నలుగురి పేర్లు కాగితం మీద ఉన్నాయి, నీళ్లలో ముగ్గురే ఉన్నారు. సరంగు సర్టిఫికెట్ ఉన్నాయన ఇంట్లో ఉన్నాడు, నెలకు ఇంత అని తీసుకుని కాగితం అద్దెకిచ్చాడు. చుక్కాని పట్టింది పాతికేళ్ల కుర్రాడు, మంచి పనివాడే. మోకు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంది. లాంచి ఓడకూ జెట్టీకీ మధ్య ఇరుక్కుంది. ప్రాణం పోలేదు గానీ ఒకరి కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఆ చెయ్యి నా కళ్ల ముందే గుడ్డలో చుట్టారు. ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగింది "ఆ టైముకు చుక్కాని దగ్గర ఎవరున్నారు" అని. దానికి ఓనరు దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

కాగితంలో ఉన్న మనిషి బోటులో ఉండాలి. ఈ వ్యాసంలో ఇంకేం గుర్తుండకపోయినా ఈ మాట గుర్తుంచుకోండి.

డ్యూటీల లెక్క చేత్తో వేయండి

లైసెన్సులో నలుగురు అని ఉంటే నలుగురిని పెట్టుకుంటే చాలదు. ఆ నలుగురూ ఒక డ్యూటీకి. హార్బర్‌లో ఓడలు రాత్రీ పగలూ వస్తాయి. లాంచి ఇరవై నాలుగు గంటలూ సిద్ధంగా ఉండాలంటే ఇలా లెక్కేయండి.

ఎనిమిది గంటల మూడు షిఫ్టులు. నాలుగు స్థానాలు, మూడు షిఫ్టులు, ఏడు రోజులు: వారానికి 84 డ్యూటీలు. ఒక మనిషి వారానికి ఆరు డ్యూటీలు చేస్తే 14 మంది కావాలి. పన్నెండు గంటల రెండు షిఫ్టులైతే 56 డ్యూటీలు, అదే లెక్కన పదిమంది. పదిమందితో నడిపితే ఆరు డ్యూటీలు పడ్డవాడు వారానికి 72 గంటలు పనిచేస్తాడు. సముద్రం మీది ఓడలకు పెట్టిన రూలు ప్రకారం ఏ 24 గంటల్లోనైనా 10 గంటలు, ఏ ఏడు రోజుల్లోనైనా 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ 10 గంటలను రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒకటి కనీసం ఆరు గంటలు ఉండాలి. 72 గంటల పని ఆ గీత లోపలే ఉంటుంది. కానీ నా సలహా మూడు షిఫ్టులే. తెల్లవారుజామున మూడున్నరకు చానల్‌లో ఎదురుగా లైట్లు కనిపిస్తుంటే, పన్నెండో గంట నడుస్తున్న సరంగు కళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. కార్మిక చట్టాల పని గంటల లెక్క దీనికి వేరు, దాన్ని మీ అకౌంటెంటుతో చూపించుకోండి.

ఇందులో ఎంతమంది సరంగులు, ఎంతమంది డ్రైవర్లు అన్నది విడివిడిగా చూడాలి. ప్రతి షిఫ్టులో ఒక సరంగు సర్టిఫికెట్, ఒక డ్రైవరు సర్టిఫికెట్ ఉండాలి. సెలవులకు బదులు మనిషి కూడా అర్హత ఉన్నవాడే కావాలి. పధ్నాలుగు మందిలో నలుగురైనా సరంగులు, నలుగురైనా డ్రైవర్లు లేకపోతే ఏదో ఒక రోజు మీరు కాగితం అద్దెకు వెతుక్కుంటారు.

ఎవరికి ఏ సర్టిఫికెట్

ముందు ఒక మాట గందరగోళం తీర్చాలి. ఫిషింగ్ హార్బర్‌లో డ్రైవరంటే చుక్కాని పట్టేవాడు, బోటుకు పెద్ద. పోర్టు లాంచీలో డ్రైవరంటే ఇంజిన్ మనిషి, చుక్కాని పట్టేది సరంగు. చేపల బోటు నుంచి వచ్చిన కుర్రాడు "డ్రైవరుగా పదేళ్లు చేశాను" అంటే ఏ పని చేశాడో విడమరచి అడగండి. అప్లికేషన్‌లో ఈ ఒక్క మాట తప్పు పడి, డెక్ మనిషిని ఇంజిన్ పరీక్షకు పిలిచిన సందర్భాలున్నాయి.

లోతట్టు నీళ్లకు పాత చట్టం కింద వచ్చిన సర్టిఫికెట్లు ఇంకా చాలామంది చేతుల్లో కనిపిస్తాయి. డెక్ వైపు ఫస్ట్ క్లాస్ మాస్టర్, సెకండ్ క్లాస్ మాస్టర్, సరంగు. ఇంజిన్ వైపు ఇంజినీరు, ఫస్ట్ క్లాస్ ఇంజిన్ డ్రైవరు, సెకండ్ క్లాస్ ఇంజిన్ డ్రైవరు. కొత్త చట్టానికి సిబ్బంది రూల్స్ 2022లో విడిగా వచ్చాయి. పాత సర్టిఫికెట్ ఉన్నవాళ్లు దాని మీద రాసిన టన్నేజీ, హార్స్‌పవర్ హద్దులు మీ బోటుకు సరిపోతాయో లేదో ముందే చూసుకుని, ఆ కాగితాన్ని పోర్టు మెరైన్ డిపార్ట్‌మెంట్‌లో చూపించి "ఈ బోటుకు దీన్ని ఒప్పుకుంటారా" అని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటను నమ్ముకోవద్దు. పోర్టులో ఈ వ్యవహారాలు డిప్యూటీ కన్జర్వేటర్ కింద ఉంటాయి. హార్బర్ మాస్టర్ కూడా ఆ విభాగంలోనే.

తీరప్రాంతం వెళ్లే బోట్లకు నియర్ కోస్టల్ వాయేజ్ సర్టిఫికెట్లు, మనవాళ్ల మాటలో ఎన్‌సీవీ. డెక్ వైపు నావిగేషనల్ వాచ్‌కీపింగ్ ఆఫీసరు మొదటి మెట్టు, మాస్టర్ పై మెట్టు. ఇంజిన్ వైపు ఎంఈఓ (మెరైన్ ఇంజినీర్ ఆఫీసరు) క్లాస్ ఫోర్, దాని పైన క్లాస్ త్రీ. ఇవి ఎంఎండీ పరీక్షలతో వచ్చేవి.

కలాసీలకు ఇంత పెద్ద సర్టిఫికెట్లు అక్కర్లేదు. కానీ నాలుగు చిన్న కోర్సులు మాత్రం చేయించండి: నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం, మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్స, ఓడ మీద సొంత భద్రత-బాధ్యత. వీటిని ఎస్‌టీసీడబ్ల్యూ (నావికుల శిక్షణకు ఉన్న అంతర్జాతీయ ఒప్పందం) బేసిక్ సేఫ్టీ కోర్సులంటారు. సముద్రం మీదికి వెళ్లేవాళ్లకు ఇవి తప్పనిసరి. మొదటి రెండింటిలో ఐదేళ్లకోసారి తాజా శిక్షణ చూపించాలి. హార్బర్ లోపలే ఉంటాం, ఇవెందుకని కొందరంటారు. 2019 ఆగస్టు 12న విశాఖ తీరం దగ్గర కోస్టల్ జాగ్వార్ అనే సపోర్ట్ వెసల్‌లో మంటలు లేచి అందులో ఉన్న 29 మందీ నీళ్లలోకి దూకాల్సి వచ్చింది. కోస్ట్‌గార్డు 28 మందిని కాపాడింది. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసి ఉన్న బోట్లే నలభై దాకా కాలిపోయాయి. లైఫ్ జాకెట్ కట్టుకోవడం చూసినంత తేలిక కాదు. చీకట్లో, తడిచేతులతో ఒకసారైనా కట్టుకున్నవాడికే అది వస్తుంది.

ఇండోస్, సీడీసీ

సముద్రం వైపు పోదామనుకునే కుర్రాళ్లు ముందు ఇండోస్ నంబరు తీసుకోవాలి. అది నావికుడికి జీవితాంతం ఉండే నంబరు, కోర్సులన్నీ దాని మీదే ఎక్కుతాయి. తర్వాత సీడీసీ, నావికుడి పాసుపుస్తకం లాంటిది, పదేళ్లు చెల్లుతుంది. రెండూ డీజీ షిప్పింగ్ సైట్లో ఆన్‌లైన్‌లోనే అప్లై చేసుకోవచ్చు. పేరు, పుట్టినతేదీ ఆధార్‌లో, పదోతరగతి సర్టిఫికెట్‌లో ఒకేలా ఉన్నాయో ముందే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే అది సర్దుకోవడానికే నెలలు పడుతుంది.

డబ్బు తీసుకుని ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంట్ల గురించి ఒక్క మాట. నావికుల్ని ఓడలెక్కించే ఏజెన్సీకి ఆర్‌పీఎస్ (నావికుల నియామక సేవ) లైసెన్సు ఉండాలి, ఉద్యోగం కోసం నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. అడిగినవాడు ఎవరైనా సరే, లేచి వచ్చేయండి. అలాగే ఓనర్లు కూడా కొత్త మనిషి సర్టిఫికెట్‌ను ఇండోస్ నంబరుతో సైట్లో సరిచూసుకోండి. రెండు నిమిషాల పని.

డాక్టరు దగ్గర

డీజీ షిప్పింగ్ ఆమోదించిన డాక్టర్ల జాబితా ఉంటుంది, వాళ్ల దగ్గరే పరీక్ష చేయించాలి. మామూలు క్లినిక్ ఫిట్‌నెస్ చెల్లదు. మెడికల్ సర్టిఫికెట్ మామూలుగా రెండేళ్లు.

కోర్సులకు డబ్బు కట్టే ముందే కంటి పరీక్ష చేయించుకోండి. రంగు చుక్కల పుస్తకం తెరిచి అందులో అంకె చదవమంటారు. ఎరుపు, ఆకుపచ్చ విడివిడిగా కనపడనివాళ్లకు ఆ అంకె కనిపించదు. రాత్రిపూట ఎదురు పడవకు ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ. ఆ తేడా తెలియకపోతే అది వస్తోందో పోతోందో తెలియదు. ఈ లోపం ఉందని చాలామందికి ఇరవై ఏళ్లొచ్చేదాకా తెలియదు. నాకు తెలిసిన ఒక కుర్రాడు కోర్సులన్నీ పూర్తిచేశాక ఈ పుస్తకం ముందు కూర్చుని బిత్తరపోయాడు. వాళ్ల నాన్న అప్పుచేసి కట్టిన ఫీజులవి.

సర్వీసు లెటరు: అందరూ అశ్రద్ధ చేసేది ఇదే

పరీక్షకు కూర్చోవాలంటే ఇన్ని నెలలు నీళ్ల మీద పనిచేసినట్టు రుజువు కావాలి. సీడీసీ ఉన్నవాళ్లకు అందులో ఎక్కుతుంది. హార్బర్ లాంచి మీద చేసినవాళ్లకు ఓనరు ఇచ్చే లెటరే ఆధారం.

ఆ లెటరులో బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, గ్రాస్ టన్నేజీ, ఇంజిన్ కిలోవాట్లు, ఏ పదవిలో చేశారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ నీళ్లలో, నడవడిక ఎలా ఉంది, సంతకం, స్టాంపు ఉండాలి. "ఇతను మా దగ్గర మూడేళ్లుగా పనిచేస్తున్నాడు, మంచివాడు" అని రాసిస్తే అది పరీక్షకు పనికిరాదు.

నా మొదటి నాలుగేళ్ల సర్వీసు ఇలాగే పోయింది. అడిగినప్పుడల్లా ఓనరు "ఎక్కడికి పోతావురా, ఇస్తాలే" అనేవాడు. ఒక వేసవిలో బోట్లు అమ్మేసి ఊరు వదిలేశాడు. నాకు లెటరు లేదు, జీతం రసీదు కూడా లేదు. ఆ నాలుగేళ్లు మళ్లీ మొదటి నుంచి చేశాను. అందుకే చెబుతున్నా, ఆరు నెలలకోసారి లెటరు తీసుకోండి, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. మీరు ఓనరైతే, అడగకుండానే ఇవ్వండి. ఆ కుర్రాడు రేపు సరంగు అయితే మీ లాంచికే అక్కరకొస్తాడు.

ఓరల్ పరీక్ష

మన కుర్రాళ్లు భయపడేది ఇక్కడే. పని వచ్చు, ఇంగ్లీషు మాటలు రావు. పరీక్ష గదిలోకి వెళ్లేసరికి టెన్షన్‌తో వచ్చిన మాట కూడా పోతుంది. నేను నేర్పే పద్ధతి ఇది: ముందు తెలుగులో చెప్పించి, అది స్థిరపడ్డాక రూలు నంబరూ ఇంగ్లీషు మాటా తగిలిస్తాను.

సముద్రంలో ఢీకొనకుండా ఉండే రూల్స్ 1972 నాటివి. వాటిలో హార్బర్ మనిషికి ప్రాణం లాంటివి కొన్ని. ఐదో రూలు: కళ్లతో, చెవులతో ఎప్పుడూ కాపలా ఉండాలి. తొమ్మిదో రూలు: ఇరుకు చానల్‌లో కుడి పక్కన నడవాలి, 20 మీటర్ల లోపు పడవ పెద్ద ఓడకు అడ్డం పడకూడదు. డాల్ఫిన్స్ నోస్ కొండ కింద ఇన్నర్ హార్బర్‌కి వెళ్లే దారి చూసినవాళ్లకు ఈ రూలు వేరే చదవక్కర్లేదు. ఆ దారిలో పెద్ద ఓడ వస్తుంటే దానికి తప్పుకునే చోటుండదు, తప్పుకోవాల్సింది మనమే.

హారన్ మోతలు: ఒక పొట్టి మోత, నేను కుడికి తిరుగుతున్నా. రెండు, ఎడమకి. మూడు, ఇంజిన్ వెనక్కి వేశా. ఐదు, నీ ఉద్దేశం నాకు అర్థం కావడంలేదు. లాగుడు పని చేసే టగ్గుకు ముందు తెల్ల లైట్లు ఒకదాని కింద ఒకటి రెండు, వెనక తెల్ల లైటు మీద పసుపు లైటు. లాగే పొడవు 200 మీటర్లు దాటితే ముందు లైట్లు మూడు, పగలైతే వజ్రం ఆకారం. పైలట్ లాంచికి పైన తెలుపు, కింద ఎరుపు.

ఇవి పుస్తకంలో చదివితే నిలవవు. సాయంత్రం చీకటి పడ్డాక నీళ్ల వైపు కూర్చుని, వచ్చే ప్రతి పడవ లైట్లు చూసి "అది ఏం చేస్తోంది, ఎటు పోతోంది" అని పైకి చెప్పండి. నెల రోజులు చేస్తే ఓరల్‌లో సగం మీ చేతిలో ఉన్నట్టే.

ఇంజిన్ వైపు వాళ్లను స్టార్ట్ చేసే ముందు ఏం చూస్తావని తప్పకుండా అడుగుతారు. జవాబు పని చేసే వరసలోనే చెప్పండి. బిల్జిలో, అంటే బోటు అడుగున, నీరుందా, డీజిల్ వాసనుందా. లూబ్ ఆయిల్ కడ్డీ తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూడటం. సముద్రపు నీరు లోపలికొచ్చే వాల్వు తెరిచి ఉందా. గేరు న్యూట్రల్‌లో ఉందా. స్టార్టయ్యాక పక్కనుంచి నీళ్లు బయటకు కొడుతున్నాయా. ఆ నీళ్లు రాకపోతే ఏం చేస్తావనేది తర్వాతి ప్రశ్న.

పోర్టు గేటు, బోటు ఫైలు

సర్టిఫికెట్ ఉన్నా పాసు లేకపోతే గేటు దాటలేరు. సిబ్బంది ఒక్కొక్కరికీ పోర్టు ఎంట్రీ పాసు కావాలి. పక్కనే నేవీ ఉన్న హార్బర్ ఇది, గుర్తింపు విషయంలో ఎవరూ సడలించరు. పాసు గడువు, సర్టిఫికెట్ గడువు, మెడికల్ గడువు మూడూ వేర్వేరు రోజుల్లో అయిపోతాయి. ఆఫీసు గోడ మీద పెద్ద క్యాలెండరు పెట్టి, ఒక్కో మనిషి పేరు ఎదురుగా మూడు తేదీలూ ఎర్ర పెన్నుతో రాయండి. గడువుకు రెండు నెలల ముందు ఇంకో గుర్తు పెట్టండి.

బోటులో ఒక ఫైలు, నీళ్లు తగలని కవరులో: బోటు లైసెన్సు, సర్వే సర్టిఫికెట్, ఇన్సూరెన్సు, ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ల సర్టిఫికెట్ల కాపీలు, రోజువారీ క్రూ లిస్టు. లాగ్ బుక్‌లో ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు, ఎన్ని గంటలకు అన్నది అప్పటికప్పుడే రాయాలి. సాయంత్రం కూర్చుని గుర్తుచేసుకుని రాసే లాగ్ ఎవరికైనా తెలిసిపోతుంది. వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ చానల్ వింటూ ఉండాలి. కోస్ట్‌గార్డు టోల్‌ఫ్రీ నంబరు 1554 వీల్‌హౌస్‌లో పెద్ద అంకెలతో రాసి అంటించండి.

తుపాను రోజుల్లో సిబ్బంది లెక్క మారుతుంది. పోర్టులో హెచ్చరిక నంబరు ఎగరేశాక లాంచి కట్టేసి ఇంటికి వెళ్లిపోదామంటే కుదరదు, తాళ్లు చూసేవాళ్లు ఉండాలి, అలాగని అనవసరంగా మనుషుల్ని బోటులో ఉంచకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు గాలి అంటే ఏమిటో తెలుసు. ఏ నంబరుకు ఎవరు ఎక్కడుండాలో ముందే కాగితం మీద పెట్టుకోండి.

చేపల బోటు వాళ్లకు

చేపల బోటుకు రిజిస్ట్రేషన్, వేట లైసెన్సు ఉన్నాయి కదా అని దాని మీద సరుకో మనుషుల్నో ఎక్కించి హార్బర్‌లో తిప్పకూడదు. ఆ లైసెన్సు వేటకే. చేపల బోట్లకు మేట్, స్కిప్పర్, ఇంజిన్ డ్రైవరు సర్టిఫికెట్లు విడిగా ఉన్నాయి, పరీక్షలు ఎంఎండీ వాళ్లవే. ఈ వైపు చదువుకోవాలంటే కొచ్చి కేంద్రంగా ఉన్న సిఫ్‌నెట్ అనే కేంద్ర ప్రభుత్వ మత్స్య శిక్షణ సంస్థకు మన విశాఖలోనే యూనిట్ ఉంది. వెసల్ నావిగేటర్, మెరైన్ ఫిట్టర్ కోర్సులు అక్కడివే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం, 61 రోజులు. ఆ రోజుల్లో చాలామంది లాంచీల మీద కూలికి వస్తారు. నా మాట వింటే ఆ రెండు నెలల్లో మెడికల్, నాలుగు బేసిక్ కోర్సులు అయిపోగొట్టండి. సీట్లు తొందరగా నిండుతాయి, ఫిబ్రవరిలోనే అడిగి పెట్టుకోండి. ఆఫీసుకు వెళ్లే రోజు ఒరిజినల్స్‌తో పాటు రెండు సెట్ల జిరాక్సులు, నాలుగు ఫోటోలు, సర్వీసు లెటర్లు ఒకే కవరులో పెట్టుకుని, కౌంటరు తెరిచే టైముకే వెళ్లండి.